ఆపన్నుని ఎందుకు కాపాడాలి? – ఇమాం గజాలీ వాదంపై ఒక పరిశీలన

ఇమాం గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) హిజ్రీ 503 (క్రీ.శ. 1109)లో ముగించిన ‘అల్ ముస్తస్ఫా’ ఉసూలె ఫిఖ్ గ్రంథం. అయినా మంచిచెడ్డల స్వరూపాన్ని గురించి అందులోని చర్చ నీతిశాస్త్రంలో ఎన్నదగినది.

ముఅతజిలీల వాదం ఇది: ఏ మతాన్నీ నమ్మని, ఏ ప్రతిఫలాన్నీ ఆశించని రాజు ప్రాణాపాయంలో ఉన్న దుర్బలుణ్ణి చూసి, కాపాడటానికే మొగ్గుతాడు. ఆ పని స్వతహాగా మంచిది కావటం తప్ప దీనికి వేరే కారణమేముంది?

గజాలీ ఒప్పుకోరు. సాటి మనిషిపై సహజమైన జాలే కారణమంటారు. రాజు ఆ ఆపదలో తనను ఊహించుకుంటాడు. చూసీ తప్పుకుపోయేవాడు తనకెంత నీచంగా కనబడతాడో తలచుకుంటాడు. ఆ బాధను తొలగించుకోవటానికే పూనుకుంటాడు. జాలి లేనివాడైతే పొగడ్త కోసం. ఎవరూ చూడనిచోట? పాము కరిచినవాడు చారల తాడును చూసి బెదిరినట్లే, ఆ పనికీ పొగడ్తకూ మనసులో ముడిపడిన సంబంధం వల్ల. (మన వేదాంతుల తాడు-పాము వేరు. అక్కడ భ్రమ, ఇక్కడ తాడని తెలిసీ బెదురు.)

మనిషి ఎందుకు కదిలాడో ఈ జవాబు చక్కగా చెబుతుంది. కాని తప్పుకుపోయేవాణ్ణి ‘నీచుడు’ అనటం ఎక్కడి నుండి వచ్చింది? నా నష్టమే సమస్త కారణమైతే, నా పంట ముంచిన వానను తిట్టుకున్నట్లే అతణ్ణీ తిట్టుకోవాలి. కాని వానను ఎవరూ దోషిగా నిలబెట్టరు. జాలి పుట్టించిన ఆ ఊహలోనే ఒక తీర్పు దాగి ఉంది. దానిని గజాలీ విప్పలేదు.

ఆయన భయం మాత్రం అర్థరహితం కాదు. తనకు అనుకూలించినదానినే సార్వత్రిక ధర్మమనుకోవటం మనిషి నైజం. అందుకే మంచి అంటే కర్త ప్రయోజనానికి సరిపడేదనీ, వాజిబ్ అంటే విడిస్తే హాని కలిగించేదనీ నిర్వచించి, పరలోకపు హానిని తెలిపే పని వహీకి అప్పగించారు.

అయితే ‘ఇహ్యా’లోని నియ్యత్ ప్రకరణంలో, స్వర్గాశతో పనిచేసేవాణ్ణి ఆయనే కూలివాని మెట్టున నిలిపారు. అల్లాహ్‌పై ప్రేమతో చేసేవాడు పైమెట్టున ఉన్నాడు. ప్రతి ప్రేరణా స్వలాభమే అయితే ఈ మెట్లను ఏ కొలతతో కొలిచారు? ప్రేమా కోరికే. కాని దాని చూపు తన వాటాపై లేదు. ‘ముస్తస్ఫా’లోని రాజుకు ఈ అవకాశం ఇవ్వలేదు.

అనువాదకులమైన మాకూ ఇందులో పాపముంది. గరజ్, షహ్వత్, హవా – మూడింటినీ ‘కోరిక’ అనేస్తాం. ఆకలి షహ్వత్, ఆకలి చెప్పిందే న్యాయమనటం హవా. ‘ఇహ్యా’లో షహ్వత్ వేటగాని గుర్రం. గుర్రాన్ని చంపమని గజాలీ ఎక్కడా చెప్పలేదు.