నేలకు ఎత్తున రెండు ఇళ్లు

ఇల్లినాయ్‌లోని ప్లానో దగ్గర, ఫాక్స్ నది ఒడ్డున డాక్టర్ ఎడిత్ ఫార్న్స్‌వర్త్ కోసం వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహె కట్టిన విడిది ఇల్లు 1951లో పూర్తయింది. దాని అందం గురించి వాదన అక్కర్లేదు. ఎనిమిది తెల్లటి ఉక్కు స్తంభాలు, నాలుగు వైపులా గాజు, నేలకు అయిదడుగుల పైన తేలుతున్నట్టుండే ఒకే పెద్ద గది. చెట్లూ నదీ మంచూ ఇంట్లోకి వచ్చేస్తాయి, కానీ చూపుకు మాత్రమే. గాలి రావాలంటే తలుపు కాక తూర్పు గోడకు అడుగున రెండు చిన్న కిటికీలే దిక్కు. ఒంటిపొర గాజు ఎండాకాలం ఉడికించేది, చలికాలం చెమ్మ పట్టేది. రాత్రి దీపం వెలిగిస్తే పురుగులు ముసిరేవి. చివరికి ఆవిడ వరండాకు దోమతెరలు బిగించుకున్నారు. వాస్తుశిల్ప ప్రేమికులు ఏమన్నా, నేను ఆ తెరల పక్షమే. మన హైదరాబాద్ దగ్గర మొయినాబాద్ వైపు కొత్త ఫామ్‌హౌస్‌లలోనూ ఇదే గాజు మోజు కనిపిస్తోంది. ఏసీ ఆపితే అక్కడ మధ్యాహ్నం కూర్చోలేం.

వాస్తుశిల్పి గ్లెన్ మర్కట్ కూడా మీస్‌ను ఆరాధించినవాడే. ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్‌లోని కెంప్సీ దగ్గర 1975లో మేరీ షార్ట్ కోసం ఆయన కట్టిన పొలం ఇల్లు కూడా సన్నగా, పొడవుగా, నేలకు ఎత్తునే ఉంటుంది. పోలిక అక్కడితో సరి. ఇది కలప చట్రం మీద ముడతల రేకు కప్పిన ఇల్లు. గోడ ఉండాల్సిన చోట వాలు మార్చుకోగల పలకలు, దోమతెర, గాజు రెక్కలు పొరలుగా ఉంటాయి. అది దక్షిణార్ధ గోళం కాబట్టి ఎండ ఉత్తరం నుంచి పడుతుంది. ఇల్లు అటే తిరిగి చలికాలపు ఎండను లోపలికి రానిస్తుంది, వేసవిలో చూరుతోనూ పలకలతోనూ ఆపుతుంది. ఇంట్లోవాళ్లు రోజూ పలకలు తెరుస్తూ మూస్తూ ఉండాలి. ఆ పని వల్లే ఏ వేళ ఏ వైపు గాలి తిరుగుతుందో వాళ్లకు తెలుస్తుంది. దీన్ని కొందరు లోపమంటారు గానీ, నాకు ఈ ఇంట్లో అన్నిటికన్నా నచ్చినది అదే.

ఒక్క విషయంలో మీస్‌దే పైచేయి: పలకల సందుల్లోంచి చూసే పొలం ఆ గాజు గదిలోంచి కనిపించే నదికి సాటిరాదు. అయితే ఆ నది 1954లోనే ఇంట్లోకి వచ్చింది. 1996లో లోపల అయిదడుగుల నీళ్లు నిలిచాయి. మర్కట్ మాత్రం తన ఇంటిని విప్పి మళ్లీ బిగించేలా కట్టాడు. 1980లో తనే దాన్ని కొనుక్కొని, పెంచి, వాడుకున్నాడు.