కంటపడని జింకల లెక్క

ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారి పట్టగానే మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. 1975లో ఏర్పడి, 1994లో జాతీయ ఉద్యానవనమైన ఈ 14.59 చదరపు కిలోమీటర్లలో గడ్డిమైదానం, ముళ్లపొదలు పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడి కృష్ణజింకలనూ, చుక్కల దుప్పులనూ, ముళ్లపందులనూ ఒకే పద్ధతిలో లెక్కించడం కుదరదు.

కృష్ణజింక ఆరుబయట గడ్డిలో మేస్తుంది. మైదానాన్ని భాగాలు చేసి, అన్నింటిలోనూ ఒకే వేళకు బృందాలు నిలబడితే నేరుగానే లెక్కించవచ్చు. మంద పక్క భాగంలోకి దాటితే మళ్లీ లెక్కకు రాకుండా వేళ, దిక్కు రాసుకోవాలి. అయినా నల్లటి మగజింక దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గోధుమరంగు ఆడజింకలు, పిల్లలు ఎండుగడ్డిలో కలిసిపోతాయి. తొందరపడి లెక్కిస్తే ఆడజింకలే తగ్గుతాయి.

పొదల్లో ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ తిన్నని గీత వెంట నడుస్తూ, దుప్పి కనిపించినప్పుడల్లా దూరాన్ని రేంజ్‌ఫైండర్‌తో, కోణాన్ని కంపాస్‌తో కొలుస్తారు. దాన్నుంచి గీతకు లంబదూరం తేలుతుంది. గీత మీదున్నవన్నీ కనిపిస్తాయి, దూరం పెరిగేకొద్దీ కంటపడేవి తగ్గుతాయి. ఆ తగ్గే తీరును బట్టే కంటపడనివెన్నో అంచనా కడతారు. అందుకే గీతను సఫారీ బాట మీద వేయకూడదు. బాట పక్క దుప్పులు మనుషులకు అలవాటుపడి అక్కడే తిరుగుతాయి, లేదా బెదిరి దూరం జరుగుతాయి. ఎలాగైనా లెక్క వంకరపోతుంది. నడక సులువని బాట వెంట తెచ్చిన అంకె ఎంత ఘనంగా ఉన్నా నమ్మదగ్గది కాదు.

ముళ్లపంది రాత్రి తిరుగుతుంది కనుక కెమెరా ట్రాప్ కావాలి. ఒకదాన్ని మరొకదాన్నుంచి గుర్తుపట్టే మచ్చలేవీ దానికి లేవు కాబట్టి, ఫొటోలను లెక్కపెట్టి ఇన్ని ముళ్లపందులని చెప్పలేం. అమ్రాబాద్, కవ్వాల్ పులుల సంగతి వేరు. ఏ పులి చారలు దానివే. మొదటి విడతలో 10 పులులు, రెండో విడతలో 8 కెమెరాకు చిక్కి, అందులో 4, అంటే సగం, పాతవే అయితే, మొదటి 10 కూడా మొత్తంలో సగమే; మొత్తం దాదాపు 20 అన్నమాట. ఒకప్పుడు పాదముద్రలతో లెక్కించేవారు. కానీ నేలను బట్టి ఒకే పులి అడుగు వేర్వేరుగా పడుతుంది కనుక ఆ లెక్క తప్పేది. 2006 నుంచి జాతీయ అంచనాకు కెమెరాలే ముఖ్య ఆధారమయ్యాయి.

దిల్‌సుఖ్‌నగర్ పక్కనున్న సరూర్‌నగర్ చెరువు లాంటి చోట్ల మరో తీరు. ఆసియా నీటిపక్షుల గణన మన దేశంలో 1987 నుంచి ఏటా జనవరిలో సాగుతోంది. పెద్ద గుంపైతే ముందు పదింటిని లెక్కించి, అవి ఆక్రమించిన మేరను కొలతగా పెట్టుకుని మిగతా గుంపును అంచనా వేస్తారు. నీటికాకులు మునుగుతూ తేలుతూ ఉంటాయి. ఒక్క చూపుతో వదలక, అవి పైకి వచ్చేదాకా ఆగి మళ్లీ లెక్కించాలి.