జ్వరం, మాత్ర, పరిభాష: పశ్చిమ కర్నూలు నేపథ్యంలో సామూహిక యాంటీబయాటిక్ పంపిణీ

1. ఉపోద్ఘాతం

వైద్య పరిశోధనలు తెలుగులోకి వచ్చేటప్పుడు తరచుగా అంకెలు నిలిచి, సందర్భం జారిపోతుంది. నైజర్, మలావి, టాంజానియాలలో జరిగిన ‘మోర్డార్’ ప్రయోగం ఇందుకు తగిన ఉదాహరణ. 1-59 నెలల పిల్లలకు ఏడాదికి రెండుసార్లు అజిత్రోమైసిన్ ఇవ్వగా మరణాలు 13.5 శాతం తగ్గాయని 2018లో ప్రకటించారు. అయితే ఈ తగ్గుదల నైజర్‌లో 18.1 శాతం కాగా, టాంజానియాలో 3.4 శాతమే. సగటును మాత్రమే ఉటంకించే వ్యాసం ఈ వ్యత్యాసాన్ని కప్పివేస్తుంది.

2. పదం తెచ్చిన చిక్కు

‘యాంటీబయాటిక్’కు ‘సూక్ష్మజీవనాశకం’ అనే అనువాదం వాడుకలో ఉంది. మలేరియా కారకమైన ప్లాస్మోడియం కూడా సూక్ష్మజీవే కనుక, ఈ మందు మలేరియాను నయం చేస్తుందనే అర్థం పాఠకునికి సహజంగానే స్ఫురిస్తుంది. నిజానికి అజిత్రోమైసిన్ లక్ష్యం బాక్టీరియా రైబోజోములు. ప్లాస్మోడియంలోని అపికోప్లాస్ట్ అనే కణాంగంలో వాటిని పోలిన రైబోజోములు ఉండటం వల్లనే పరాన్నజీవిపై ప్రభావం కనిపిస్తుంది. ఆ ప్రభావం కూడా ఆలస్యంగానే వెల్లడవుతుంది. అందువల్ల ఒక్క అజిత్రోమైసిన్ మలేరియా చికిత్సకు చాలదు.

3. స్థానిక అన్వయం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుండి ‘సుగ్గి’కి వెళ్లే కుటుంబాలు పత్తి, మిరప పనుల కోసం గుంటూరు వైపు పసిపిల్లలతో సహా తరలిపోతాయి. అటువంటి బిడ్డకు చలిజ్వరం వస్తే మొదట కావలసినది రక్తపరీక్ష. వైవాక్స్ మలేరియా అయితే కాలేయంలో దాగిన దశను అజిత్రోమైసిన్ తొలగించదు. అంగన్‌వాడీలో నులిపురుగులకు ఆల్బెండజోల్ ఇచ్చినట్లే దీనినీ ఇవ్వవచ్చుననే పోలిక కూడా నిలవదు. యాంటీబయాటిక్ పంపిణీ బాక్టీరియాలో నిరోధకతను పెంచుతుందని నైజర్ అనుభవమే నిరూపించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకం సార్వత్రిక పంపిణీని సమర్థించలేదు. సహారా దిగువ ఆఫ్రికాలో వెయ్యి జననాలకు శిశుమరణాలు 60కి మించిన, లేదా ఐదేళ్లలోపు మరణాలు 80కి మించిన చోట్ల 1-11 నెలల శిశువులకు మాత్రమే పరిశీలించవచ్చునన్నది. 2020 నమూనా నమోదు ప్రకారం భారతదేశంలో శిశుమరణాల రేటు 28.

4. ముగింపు

పై పరిమితులను చూపి ఆఫ్రికా ఫలితాలను మనకు సంబంధించనివిగా కొట్టివేయడం కూడా సరైన పఠనం కాదు. అక్కడ బతికిన పిల్లల సంఖ్య వాస్తవం. కాబట్టి ఈ విషయంపై తెలుగులో రాసే పరిశోధకుడు మందు దేనిపై పనిచేస్తుందో, ఎక్కడ పరీక్షించారో, ఏ షరతులతో సిఫారసు చేశారో మూడింటినీ చెప్పాలి. ‘సూక్ష్మజీవనాశకం’ కంటే ‘బాక్టీరియా నాశకం’ అనే పదం ఈ సందర్భానికి యుక్తమైనది. పరీక్ష లేకుండా మాత్ర కొనే తల్లిదండ్రులకు ఆ తేడా తెలియడం బిడ్డ ప్రాణానికి సంబంధించిన విషయం.