బతికుండగా అడగని ప్రశ్న

ఆనంద్ పట్వర్ధన్ డాక్యుమెంటరీల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా ఆయన కోర్టు పోరాటాల గురించే రాస్తారు. అవి చిన్నవేం కావు. ఎమర్జెన్సీ ఖైదీల మీద తీసిన ‘ప్రిజనర్స్ ఆఫ్ కాన్షన్స్’ (1978), ఆ తర్వాత ‘రామ్ కే నామ్’ (1992), ‘వార్ అండ్ పీస్’ (2002)... అన్నిటికీ ఆయనే దర్శకుడు, ఆయనే నిర్మాత. దూరదర్శన్ వెయ్యనంటే, సెన్సారు కోతలు పెడితే కోర్టుకెక్కి గెలిచాడు. మేము అడగదల్చుకున్నది వేరు. ఈ కెమెరా కులాన్ని ఎప్పుడు చూసింది?

‘బాంబే అవర్ సిటీ’ (1985) బొంబాయి గుడిసెల కూల్చివేతల మీద తీసిన సినిమా. అందులో ఒకామె దర్శకుణ్ణే నిలదీస్తుంది: మా బొమ్మలు తీసుకుని పేరు తెచ్చుకుంటావు, మాకేం ఒరుగుతుంది అని. ఆ మాటల్ని ఆయన కత్తిరించలేదు. నిజాయితీయే. కానీ ఉంచాలా తీసెయ్యాలా అన్న అధికారం ఆమెది కాదు గదా! అదే సినిమాలో విలాస్ ఘోగ్రే పాడతాడు. దళితుడు, వామపక్ష సాంస్కృతిక దళంలో గాయకుడు. సినిమాకి మాత్రం బస్తీ పేదల గొంతు, అంతే. మన కారంచేడు కూడా 1985లోనే. వర్గం అన్న ఒక్క మాట సరిపోదని మనవాళ్ళు చీరాల శిబిరంలో తేల్చుకుంటున్న రోజులవి.

1997 జూలై 11న ఘాట్కోపర్ రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. నిరసనకు దిగిన దళితుల మీద పోలీసులు కాల్పులు జరిపి పదిమందిని చంపారు. నాలుగు రోజులకు ఘోగ్రే ఉరేసుకున్నాడు. తలకు ఎర్రగుడ్డ కాదు, నీలిగుడ్డ కట్టుకుని. పట్వర్ధన్ అప్పుడు మొదలుపెట్టి 14 ఏళ్ళు తీసిందే ‘జై భీమ్ కామ్రేడ్’ (2011).

గొప్ప సినిమా, ఆ మాట దాచుకోం. మూడు గంటలకు పైగా సాగే ఆ సినిమాని వాడల్లోని భీమ్ పాటలే నడిపిస్తాయి. ఘోగ్రేని దళం నుంచి ఎందుకు బహిష్కరించారన్న సంగతినీ అది దాటెయ్యదు. మా పేచీ ఒక్కచోటే. ఎర్రగుడ్డ వదిలి నీలిగుడ్డ ఎందుకు కట్టాడని సినిమా వెతుకుతుంది. సంజాయిషీ చెప్పాల్సింది నీలం కాదు, ఎరుపు.

మాలో ఒకరి తల్లికి చూపించాం. బడి మొహం చూడని మనిషి, భాష కూడా రాదు. అర్థం చెబుతుంటే ఘోగ్రే పాట దగ్గర ఆపమంది.

‘బతికున్నప్పుడు పక్కన కూచోబెట్టుకుని అడగలేదంట్రా ఈ బాబు?’