గడప దాటిన కార్డు

మా అమ్మ రాసిన వాక్యాలన్నీ ఏరి ఒకచోట పెడితే రెండు పేజీలు నిండవు. అవన్నీ క్రిస్మస్ కార్డుల్లోనే ఉన్నాయి. ఉదయగిరిలో కొన్నేళ్ళు, ఆ తర్వాత ఆత్మకూరులో చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసింది. ఎందరి చేతో పట్టుకుని అక్షరాలు దిద్దించిన మనిషి, తన మాట తాను రాసుకోవడానికి కూచునేది ఏడాదికి ఒక్కసారి, డిసెంబరు రెండో వారంలో.

గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చినప్పటి నుంచి నన్నొక ప్రశ్న తొలుస్తూనే ఉంది. దళిత స్త్రీల సాహిత్యం ఒక పుస్తకంగా చేతికి రావడం చిన్న విషయం కాదు. కానీ అలాంటి పుస్తకంలో చేరాలంటే కథో, కవితో, వ్యాసమో ఉండాలి కదా! కార్డుల్లో తప్ప ఇంకెక్కడా రాయని ఆడవాళ్ళని ఏ ప్రక్రియ కింద చదవాలి? పంపిన కార్డులు మామూలుగా పంపినవాళ్ళ దగ్గర ఉండవు. కావలిలో ఉండే మా పిన్నమ్మ దాచిపెట్టింది కాబట్టి ఇరవై మూడు దొరికాయి. చెడిపోయాయని అమ్మ పక్కన పడేసినవి ఇంకో నాలుగు. నేనిక్కడ చదువుతున్నది ఈ ఇరవై ఏడునే.

అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డుకి కారణం తీరిక లేకపోవడం. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్ద ఉద్యోగి, వచ్చిపడే ఉత్తరాలన్నిటికీ జవాబులు రాయలేక, జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి వెయ్యి కాపీలు కొట్టించాడు. తను వాడుకోగా మిగిలినవి షిల్లింగుకొకటి చొప్పున అమ్మకానికి పెట్టారు. అంటే అక్కడ కార్డు పుట్టింది ఉత్తరాన్ని తగ్గించడానికి. మా ఇళ్ళల్లో జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. ఉత్తరం రాసే వీలూ, రాయాల్సిన అవసరం ఉందని ఒప్పుకునే మనిషీ లేని ఆడవాళ్ళకి కార్డు ఒక సాకు. పండగ కార్డు రాసుకుంటోందిలే అని ఆ ఒక్క గంటా ఎవరూ పనికి పిలిచేవాళ్ళు కాదు.

అమ్మ కార్డులు కొనేది కాదు. డ్రాయింగు కాగితం మడిచి, పాత ఎక్స్‌రే ఫిలిం మీద నక్షత్రం కత్తిరించి, దాన్ని కాగితం మీద పెట్టి, పళ్ళ బ్రష్షుని సిరాలో ముంచి దువ్వెన మీద గీకేది. తుంపరలు పడి నక్షత్రం చుట్టూ నీలం రాత్రి వచ్చేది. కింద పాక. పాక మీద మంచు. మంచంటే దూది, మైదా జిగురుతో అంటించింది. ఉదయగిరి కొండ కింద బండరాళ్ళ మధ్య కాపురముండి మంచెందుకమ్మా అని అడిగితే, "కార్డంటే అట్నే ఉంటది" అనేది. ఆ 'అట్నే' ఎక్కడిదో పెద్దయ్యాక తెలిసింది. 1840లో శామ్యూల్ డే నెల్లూరు వచ్చి మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో కేంద్రాలు తెరిచింది. వాడేసిన క్రిస్మస్ కార్డులని అక్కడి చర్చిల ఆడవాళ్ళు పోగుచేసి, రాతల మీద తెల్లకాగితం అంటించి ఇక్కడికి పంపేవాళ్ళు. సండేస్కూల్లో పిల్లలకి అవే బహుమతులు. చిన్నప్పుడు అమ్మకొచ్చిన ఒక కార్డు వానకి తడిసి కాగితం ఊడిపోతే, లోపల ఎవరో ఆడమనిషి గుండ్రటి దస్తూరీ బయటపడిందట. అది ఇంగ్లీషు కాబట్టి చదవలేకపోయింది గానీ, "అతికించిన దాని కింద రాత ఉంటదని నాకప్పుడే తెలిసింది" అని చెప్పేది.

ఆ తెలిసిన సంగతిని ఎలా వాడుకుందో పిన్నమ్మ చెప్పేదాకా నాకు తెలీదు.

ఇరవై మూడు కార్డుల్లోనూ పైకి కనిపించేది ఒకటే పాఠం. క్రిస్మస్ శుభాకాంక్షలు, నూతన సంవత్సర శుభాకాంక్షలు, కింద నాన్న పేరు, పక్కన 'మరియు కుటుంబం'. తయారుచేసింది, రాసింది, స్టాంపు డబ్బులు కూడబెట్టింది అమ్మే. కానీ కార్డు మీద ఆమె 'మరియు' తర్వాత వచ్చే మనిషి. ఏ ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. ఇంతవరకూ మన స్త్రీవాద విమర్శకి కొత్తేం కాదు, మనం చాలాసార్లు చెప్పుకున్నదే. అయితే వీటిలో ఏడు కార్డులకి పాక మీది దూది కాస్త లేచి ఉంది. 1972 నాటి కార్డు మీద ఆ దూది కింద చీమతలకాయంత అక్షరాలు: "ఈసారి కూడా ఆడపిల్లే. ఆయన మాట్లాడడం లేదు." ఆ ఆడపిల్లని నేను. దూది ఎత్తి చదవాలని అక్కాచెల్లెళ్ళిద్దరికే తెలుసు. పోస్టు చేసేది నాన్న కాబట్టి అంత జాగ్రత్త.

కార్డు మీది మరియమ్మకి నొప్పుల్లేవు, నెత్తురు లేదు, మంత్రసాని లేదు. పైగా పుట్టింది మగబిడ్డ. ఆ పాక మీది మంచు కిందే అమ్మ తన కాన్పు కబురు రాసింది. కావాలనే అక్కడ రాసిందా? అంత ఆలోచించి ఉండదని మా అక్క అంటుంది. రాయడానికి చోటు అక్కడే ఉందంటుంది. నేనొప్పుకోను.

హార్స్‌లీ బొమ్మ దగ్గరికి మళ్ళీ వస్తాను. మధ్యలో ఒక కుటుంబం ద్రాక్షసారా తాగుతుంటుంది. పసిపిల్ల నోటికీ గ్లాసు అందిస్తున్నారని మద్యం వద్దనేవాళ్ళు అప్పట్లో గోల చేశారు. నా కళ్ళు మాత్రం ఆ అంచుల దగ్గరే ఆగిపోతాయి. ఒక పక్క పేదలకి తిండి, ఇంకో పక్క బట్ట. తిండి పైనుంచి కిందికి దిగుతోంది. మరి కిందినుంచి పైకి వెళ్తే?

ఉదయగిరిలో మా వీధి మలుపులో పెద్దింటావిడ ఉండేది. ఆమె పిల్లలు అమ్మ దగ్గరే ట్యూషన్ చదివారు. ప్రతి క్రిస్మస్‌కీ ఒక కార్డు, పళ్ళెంలో అరిసెలు ఆ ఇంటికి నేనే తీసుకెళ్ళేదాన్ని. కార్డు హాల్లో అద్దాల అలమరలో నిలబెట్టేవాళ్ళు. "అరిసెలు భలే ఉండాయి టీచరమ్మా" అని ఆవిడ మర్నాడు చెప్పేది కూడా. 1980లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, దొడ్డివైపు నుంచి పళ్ళెం తెచ్చుకోబోతే బర్రెల కుడితి తొట్టిలో అరిసెలు తేలుతున్నాయి. వచ్చి అమ్మతో చెప్పాను. ఏమీ అనలేదు. పిండి తడిపిన గిన్నె తోముతూనే ఉంది.

కాగితానికి మైల లేదు. మా చేతి వంట రాలేని చోటికి మా చేతి బొమ్మ నేరుగా అలమరలోకే వెళ్ళింది. అందుకే కార్డుని మెచ్చుకోబోయినప్పుడల్లా నాకు నోరు రాదు. అమ్మ బాధని చెల్లెలికి చేర్చింది ఆ కార్డే. అరిసెలు తినని ఇంటికి మర్యాద కాపాడింది కూడా ఆ కార్డే. ఇప్పుడు సెల్‌ఫోన్లో మిలమిల మెరుస్తూ వచ్చే బొమ్మలకి ఈ గొడవే లేదు. వాటికి దూదీ లేదు, పక్కన పళ్ళెమూ లేదు.

మరుసటి ఏడు పెద్దింటికి అరిసెలు వెళ్ళలేదు. కార్డు మటుకు వెళ్ళింది. అమ్మ లొంగిపోయిందని చాలాకాలం అనుకున్నాను. పక్కన పడేసిన నాలుగింటిలో ఒకటి 1981ది. రంగు చెదరలేదు, దూది ఊడలేదు, ఎందుకు చెడిపోయిందో మొదట అర్థం కాలేదు. తెరిస్తే లోపల, నాన్న పేరుండాల్సిన చోటికి పైన, పెద్ద అక్షరాలతో "అమ్మా, నిరుడు మేం పంపిన అరిసెలు" అని ఉంది. అక్కడితో ఆపి, కొట్టేసింది. ఆ రాత్రి ఇంకో కార్డు చేసింది. మర్నాడు నేనిచ్చొచ్చింది దాన్నే. అందులో శుభాకాంక్షలు, కింద నాన్న పేరు, మరియు కుటుంబం.