గని పైకప్పు ముందుగా హెచ్చరించునా?

బొగ్గుగనులలో కర్ర గుంజలు నిలిపిన కాలమున యంత్రము లేకున్నను కార్మికునికి ఒక హెచ్చరిక ఉండెడిది. పైనున్న రాతిబరువు మీదికి దిగుచున్నప్పుడు గుంజ నార నారగా చీలుచు కిరకిరలాడెడిది. ఆ చప్పుడు విని పనిముట్లు వదలి పరుగెత్తి బ్రతికినవారు కలరు. ఇనుపకడ్డీతో పైకప్పును కొట్టి చూచుట మరియొక పరీక్ష. గట్టి రాయి ఖంగున మ్రోగును. పొర విడిన రాయి డొల్లగా పలుకును. ఈ పరీక్ష నేటికిని మానలేదు. దీని లోపము కూడ పాతదే. ఇది అడుగుపొర సంగతిని మాత్రమే తెలుపగలదు. రెండు మీటర్ల పైన విడిపోయిన పొరను గూర్చి కడ్డీకి తెలియదు.

తరువాత గుంజల స్థానమున రూఫ్ బోల్టులు వచ్చినవి. రాతిలో రంధ్రము తొలిచి, ఉక్కుకడ్డీని సిమెంటుతోగాని రెజిన్‌తోగాని బిగించి, పలుచని పొరలనన్నిటిని ఒక్క దూలముగా చేయుట వీని ఉద్దేశము. విడి కాగితముల బొత్తిని వంచుట సులభము. దానినే దబ్బనముతో కుట్టి జిగురు పెట్టినచో వంచుట కష్టము. బోల్టు చేయు పని అదియే. అది అనేక ప్రాణములను కాపాడిన సాధనమనుటలో సందేహము లేదు. కాని బోల్టు మూగది. అది సాగినను, తెగినను రాతిలోపలనే జరుగును, క్రింద నిలిచినవానికి కనబడదు. 1993 ఆగస్టు 18న ఇంగ్లండులోని బిల్స్‌థార్ప్ గనిలో బోల్టులతో నిలిపిన మార్గమొకటి కూలి ముగ్గురు మరణించిరి. మూగదానికి నోరు కల్పించుటయే ముందు హెచ్చరిక యంత్రముల పని.

ఇట్టి యంత్రములలో ఎక్కువ కీర్తి పొందినది రాతి చప్పుళ్ళను వినునది. దీని పుట్టుక విచిత్రమైనది. 1930వ దశకపు చివర అమెరికా గనుల శాఖకు చెందిన లియొనార్డ్ ఓబర్ట్ బొగ్గుది కాని ఒక గనిలో, రాతిస్తంభముల గుండ ధ్వని ఎంత వేగముగా పోవునో కొలువబూనెను. ఆ వేగమునుబట్టి రాతిలోని ఒత్తిడిని కనుగొనవచ్చునని ఆయన ఆశ. ఎవరును కొట్టకుండగనే పరికరము మాటిమాటికి చప్పుడు నమోదు చేయసాగెను. మొదట అది పరికరపు దోషమనిపించినది. ఒత్తిడిలోనున్న రాయి తనంతట తానే సన్నగా పగులుచు శబ్దము చేయుచున్నదని పిమ్మట తేలినది. కోరిన కొలత దొరకలేదు కాని, ఒక శాస్త్రశాఖయే పుట్టినది.

నేడు గనిలో పలుచోట్ల గ్రాహకములను అమర్చి, ఒకే పగులు చప్పుడు ఏ గ్రాహకమునకు ఎంత ముందు వెనుకలుగా చేరినదో లెక్కించి పగులు తావును గుర్తించుచున్నారు. ఇసుకరాతిలో ధ్వని సెకనుకు సుమారు మూడు కిలోమీటర్లు పోవుననుకొన్నచో, కాలమును సెకనులో వెయ్యవ వంతు తప్పుగా గుర్తించినను మూడు మీటర్ల తేడా వచ్చును. నాలుగైదు మీటర్ల వెడల్పుగల మార్గమున ఆ తేడా చిన్నది కాదు. పైగా కోత యంత్రము, డ్రిల్లు, కన్వేయరు చేయు రొద ఉండనే ఉన్నది. ఇది కొంతవరకు లెక్కలతో సవరింపదగిన చిక్కు. అసలు చిక్కు వేరు. చప్పుళ్ళు హెచ్చిన చోటెల్ల కప్పు కూలదు. ఒక్కొక్కప్పుడు చప్పుళ్ళు హెచ్చి, పిమ్మట అణగి, ఆ నిశ్శబ్దములోనే కూలును. ఒత్తిడి ఎచ్చట పేరుకొనుచున్నదో చూపుటలో ఈ విద్య గట్టిది. ఏ గంటకు కూలునో చెప్పుటలో బలహీనము. అమ్మకపు ప్రకటనలు మొదటి గుణమును చూపి రెండవదానిని కూడ అంటగట్టుచున్నవి. గంట చెప్పలేని యంత్రమును నమ్మి మనుష్యులను కప్పుక్రింద నిలుపుట విజ్ఞానము కాదు.

టెల్‌టేల్ అను సాధనము ఇంతకంటె చాల సాదా. పైకప్పులో బోల్టుల కొనకంటె లోతుగా రంధ్రము చేసి, కదలని రాతిలో ఒక కొక్కెము బిగించి, దానినుండి రంగుల పట్టీలుగల గొట్టమును రంధ్రపు మూతివరకు వ్రేలాడదీయుదురు. కప్పు క్రుంగినకొలది రంధ్రపు మూతి క్రిందికి దిగి పట్టీలను మ్రింగుచుండును. మొదట ఆకుపచ్చ మాయమగును, తరువాత పసుపు, కడపట ఎరుపు ఒక్కటే మిగులును. బోల్టుల కొనకు దిగువగా ఇంకొక కొక్కెముంచినచో కదలిక బోల్టుల లోపలనో, వాని పైననో కూడ తెలియును. విద్యుత్తు అక్కరలేదు, ఇంజనీరును పిలువనక్కరలేదు. తలపై దీపమున్న ప్రతి కార్మికుడును చదువగలడు. ఇన్ని యంత్రములలోను ఇదే ఉత్తమమనుటకు ఈ ఒక్క గుణము చాలును.

ఐనను దీనికి రెండు లోపములున్నవి. ఎన్ని మిల్లీమీటర్లకు ఏ రంగు అనునది మనుష్యులు నిర్ణయించినదే. మెత్తని మట్టిరాతి కప్పు చాల క్రుంగిన పిమ్మట కూలును; దళసరి ఇసుకరాయి కొద్దిగా కదలి ఒక్కసారి విరుగును. ఒకచోటి అంకెను మరియొకచోట వాడినచో ఆకుపచ్చ కనబడుచుండగనే కప్పు నేలకు రావచ్చును. రెండవది, ఎంత కదలినదో అనుదానికంటె ఎంత త్వరగా కదలుచున్నదో ముఖ్యము. నెలలో పది మిల్లీమీటర్లు క్రుంగి నిలిచిన కప్పు కుదుటపడియుండవచ్చును. ఒక్క షిఫ్టులో మూడు మిల్లీమీటర్లు దిగి ఇంకను వేగము హెచ్చుచున్న కప్పునకు దూరముగా ఉండవలెను. రంగు మొత్తమును చూపును, వేగమును చూపదు.

ఇక యంత్రముతో నిమిత్తములేని హెచ్చరికల కథ. దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో 1959 డిసెంబరు 28న కొంత భాగము కూలెను. పని ఆగలేదు. 1960 జనవరి 21న వందలకొలది బొగ్గు స్తంభములు వరుసగా నలిగి 435 మంది సమాధియైరి. అమెరికాలోని యూటా రాష్ట్రమున క్రాండల్ కాన్యన్ గనిలో 2007 మార్చిలో ఒకవైపు బొగ్గుస్తంభములు పెట్లి, అచ్చట పని మానిరి. గనికి రెండవవైపున అదే విధమైన పని మొదలిడిరి. ఆగస్టు 6న అది కూలి ఆరుగురు చిక్కుకొనిరి. పదిదినములకు వారిని వెదుకబోయినవారిలో ముగ్గురు మరణించిరి. కూలుడు తాకిడి భూకంపమాపకములపై 3.9 పరిమాణముగా నమోదైనది. భూకంపమువలన గని కూలినదని యజమాని వాదించెను. గని కూలుటయే ఆ కంపమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఈ రెండుచోట్లను మొదటి కూలుడే అన్నిటికంటె పెద్ద టెల్‌టేల్. దానిని చదువలేకపోవుట చెవుడు కాదు. పని ఆపినచో ఆనాటి టన్నులు తగ్గును. అనవసరముగా ఖాళీ చేయించిన పూట నష్టము లెక్కపుస్తకములో సాయంత్రమే కనబడును. అవసరముండియు ఖాళీ చేయింపని పూటలు అనేకము ఏమియు కాకుండ గడచిపోవును, అందుచేత వానిని తప్పుగా ఎవరును వ్రాసుకొనరు.

గోదావరి లోయలో సింగరేణి బొగ్గుపొరలపై నున్నది అధికముగా బరాకర్ ఇసుకరాయి. నేడు ఆ సంస్థ తీయు బొగ్గులో హెచ్చుభాగము ఓపెన్‌కాస్టు గనులదే. కాని భూగర్భమునకు దిగువారు ఇంకను వేలమంది. 2022 మార్చి 7న రామగుండము వద్ద అడ్రియాల గనిలో పైనుండి రాయి కూలి ముగ్గురు మరణించిరి. మృతులలో అధికారులు కూడ ఉండిరి. అనగా కప్పును చదువుట నేర్చినవారినిగూడ కప్పు విడువదు. అపాయము కనబడిన తావునుండి మనుష్యులను వెంటనే తప్పింపవలెనని గనుల నిబంధనలు చెప్పుచున్నవి. అపాయము కనబడినదని నిర్ణయించు అధికారము కంప్యూటరున్న గదికి చేరినకొలది, కప్పుక్రింద నున్నవాడు ఫోను కొరకు ఎదురుచూడవలసి వచ్చును. టెల్‌టేల్‌కు గల వేగపు లోపమును తీర్చుటకు మాత్రము క్రొత్త యంత్రమేమియు అక్కరలేదు. నిన్నటి షిఫ్టులో ఎన్ని మిల్లీమీటర్లు, ఈ షిఫ్టులో ఎన్ని అను రెండు అంకెలను ఆ జంక్షను వద్దనే ఒక పలకపై సుద్దతో వ్రాసియుంచిన చాలును.