ఒర చూసి ఊరు చెప్పాలి

పాత బాకు చేతికొస్తే ఎవరైనా సర్రున ఒరలోంచి లాగి పదునే చూస్తారు. అది ఏ నేలదో తెలియాలంటే మాత్రం ఒరనే చూడాలి. ఆఫ్రికా బాకుల సంగతిలో ఇది మరీ నిజం. సహారా, సూడాన్ కమ్మరులు యూరప్ నుంచి దిగిన కత్తులను వాడుకున్నారు. తర్వాతి కాలంలో లారీ కమాన్ కట్టలనూ సాగగొట్టారు. ఇనుము ఎక్కడిదైనా కావచ్చు, తోలూ కుట్టూ మాత్రం ఆ ఊరివే.

ఎక్కడ కట్టుకునేదన్నది నేను మొదట చూస్తాను. సహారా టువారెగ్‌ల ‘తెలెక్’ బాకు ఒరకు వెడల్పాటి తోలు పట్టీ ఉంటుంది. దాన్ని ఎడమ ముంజేతికి తొడుక్కుంటారు. సూడాన్‌లో అయితే మోచేతికి పైన. మొరాకో వంకర బాకు ‘కుమ్మియా’ ఒరకు అటొకటి ఇటొకటి రింగులుంటాయి. వాటికి తాడు కట్టి భుజం మీదుగా వేలాడదీస్తారు. హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాలున్న అరబ్బుల జంబియా కూడా వంకరదే గానీ, దాని ఒర నడుం పట్టీలో పొట్ట మీద నిలుస్తుంది. హైదరాబాద్‌లోనే ఉన్న ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం వల్లే వచ్చింది కదా! అంతమాత్రాన ఆ నగరంలో దొరికిన ప్రతి వంకర బాకునూ ఆఫ్రికాకు అంటగట్టకూడదు.

జింబాబ్వేలోని షోనా జనం బాకు ‘బకత్వా’ తీరే వేరు. ఒర కర్రది. ఒక పక్క తెరిచే ఉంటుంది, లోపలి అలుగు కనబడుతుంది. పైన ఇత్తడి, రాగి తీగ చుట్టి ఉంటుంది. మా వింజమూరు నుంచి పనిమీద ఉదయగిరి వెళ్లినప్పుడు, చెక్క గరిటెలు చేసే ఒకాయనకు దాని ఫొటో చూపించాను. ఆయన కత్తి ఊసే ఎత్తలేదు. “ఈ తీగ సోకుకి కాదన్నా, కర్ర విచ్చిపోకుండా కట్టు” అన్నాడు. కొయ్యతో బతికేవాడి కన్ను అది.

అమ్మేవాళ్లు ఏదో ఒరలో ఏదో కత్తి దూర్చి అంటగడతారు. అలుగు లోపల లొడలొడలాడినా, మధ్యలో తట్టుకున్నా జత అనుమానమే. ఒర కొత్తగా నిగనిగలాడుతూ పిడి మాత్రం అరిగి ఉన్నా అంతే.

ఆఫ్రికాలో పనిచేసి వచ్చినవాళ్ల ఇళ్లలో ఇలాంటివి ఉంటే, తోలు మెరవాలని నూనె పట్టించకండి. ఏ ఊళ్లో, ఏ ఏడు కొన్నారో చీటీ రాసి ఒరతో పాటే ఉంచండి. రేపు ఎవరికైనా పనికొచ్చేది ఆ చీటీయే.